మా ఇంటి బంట్లు ఒక్క అడుగే వేస్తాయి

ఇది మహాయుద్ధ గాథ. ఇందులో రెండు సైన్యాలున్నాయి. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, నమ్మిన మంత్రి నట్టనడుమ నేలకొరిగిన ఘట్టముంది, ప్రాణాలు అరచేత పెట్టుకుని నడిచిన రాజున్నాడు. బొబ్బిలికి బస్సు దూరంలో చదువుకున్నదాన్ని కాబట్టి యుద్ధం సంగతి ఎలా ఎత్తుకోవాలో నాకు కొంత తెలుసు. ముందు ఆకాశం ఎర్రబడాలి. తర్వాత ఎక్కడో నగారా మోగాలి.

ఆకాశం మామూలుగానే ఉంది. మధ్యాహ్నం రెండున్నర. రాజాం దగ్గర మా ఇంజినీరింగ్ కాలేజీలో టేబుల్ టెన్నిస్ గది. నెట్ విప్పి కిటికీలో కుక్కి, ఆ బల్ల మీదే చెస్ బోర్డు పరిచారు. యుద్ధం మొత్తం పది నిమిషాలు, చెరి ఐదు. మధ్యలో నేను చేసిన ఒక పని వల్ల ఇంకో నిమిషం పెరిగింది. పదకొండు నిమిషాల్లో తేలిపోయేదాన్ని గాథ అనరు. మా హాస్టల్లో ఇడ్లీ లైను అంతకంటే పొడుగు.

గెలిస్తే వచ్చేది రాజ్యం కూడా కాదు. యూనివర్సిటీ పోటీలకు వెళ్ళే కాలేజీ చెస్ జట్టులో ఐదో చోటు. అమ్మాయిలకు వేరే జట్టు కట్టడానికి సరిపడా అమ్మాయిలు దొరకలేదు కాబట్టి అందరికీ ఒకటే జట్టు. నలుగురు అప్పటికే ఖాయం. ఐదో చోటుకు ఇద్దరం మిగిలాం. ఒక్క బ్లిట్జ్ ఆట, అంటే ఐదు నిమిషాల ఆట, గెలిచినవాళ్ళు లోపల, ఓడినవాళ్ళు బయట.

ఆ చోటు నాకు కావాలి. దాన్ని మా ఇంటి ఆటతోనే గెలవాలి. రెండోది కుదరకపోతే మొదటిది అక్కర్లేదని అప్పట్లో గట్టిగా అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, కాస్త గొంతు తగ్గించి.

మా ఇంటి ఆట గురించి చెప్పాలి. మాది అరసవల్లి, సన్నాయి వాయించే కుటుంబం. మా వీధి చివర ఒక చిన్న గుడిలో పొద్దుటి సేవకు సన్నాయి మా తాతది, ఇప్పుడు మా నాన్నది. అభిషేకం అయ్యాక అర్చకుడు తెర వేసి లోపల అలంకారం చేస్తాడు. తెర తీస్తూ గంట కొడతాడు. ఆ గంట వినపడగానే సన్నాయి, డోలు అందుకోవాలి. ఈలోపు ఓ పావుగంట వాద్యాలవాళ్ళకు పనుండదు. అలాగని లేచి పోవడానికి లేదు. కబుర్లు మొదలుపెడితే తెర వెనక నుంచి అర్చకుడు దగ్గుతాడు. అందుకని పక్క మండపంలో నేల మీద సుద్దతో గళ్ళు గీసుకుని, నోరు మెదపకుండా చదరంగం ఆడేవారు.

అది పాత పద్ధతి ఆట. బంటు ఎప్పుడూ ఒక్క అడుగే వేస్తుంది. మొదటి ఎత్తులో రెండు గళ్ళు ఎగరడం లేదు. రాజు ఏనుగు చాటుకు చేరి కోట కట్టుకోవడమూ లేదు. దానికి బదులు, ఎదుటివాడు చెక్ చెప్పనంతవరకు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఈ రెండూ చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళకు తెలిసినవే. మూడో నియమం మాత్రం అచ్చంగా మా మండపానిది: గంట మోగినప్పుడు ఎత్తు వంతు ఎవరిదైతే వాళ్ళు ఓడినట్టు. బోర్డు మీద ఎంత గెలుస్తున్నా సరే.

అలంకారానికి ఏ రోజు ఎంతసేపు పడుతుందో దేవుడికి తెలుసు, అర్చకుడికి కూడా సరిగ్గా తెలీదు. పూలు ఎక్కువొస్తే ఇరవై నిమిషాలు, ఆయనకి ఊళ్ళో పెళ్ళి ఉంటే ఏడు. కాబట్టి వంతు మన దగ్గర పెట్టుకోవడమంటే చేతిలో నిప్పు పట్టుకుని కూర్చోవడమే. ఎత్తు వెయ్యాలి, వంతు అవతలికి తొయ్యాలి. లోకం బ్లిట్జ్ అని పేరు పెట్టకముందే మావాళ్ళు సుద్దగీతల మీద ఆడింది అదే.

నాకు నేర్పింది మా మేనత్త. మండపంలో ఆడవాళ్ళు కూర్చుని ఆడే ఆనవాయితీ లేదు. కానీ తాతకు ఇంట్లో సాధనకు మనిషి కావాలి, కొడుకు ఎప్పుడూ వీధిలోనే ఉండేవాడు, అందుకని కూతురికి నేర్పాడు. అత్త గుడికి దండలు కడుతుంది. అరటినార కొసను కాలి బొటనవేలికి చుట్టి, రెండు చేతులా ముళ్ళు వేస్తూ, ముడికీ ముడికీ మధ్య ఎత్తు వేస్తుంది. ఇంట్లో గంటకు బదులు కుక్కర్. మూడో విజిల్‌కి వంతు ఎవరిదైతే గిన్నెలు వాళ్ళవి. నా చిన్నతనమంతా అంట్ల దగ్గరే గడిచింది. దీన్నే కొందరు శిక్షణ అంటారు.

"ఏటే కోడలా, అలగ సూస్తే బంటు కరిగిపోద్దేటి? ఏసేయ్."

"ఆలోచిస్తున్నా అత్తా."

"ఆలోసన ముందే సేసుకోవాల. ఇక్కడ కూకున్నాక సెయ్యే తప్ప బుర్ర నేదు."

అత్త మొదటి ఎత్తులకు ఒకటే సూత్రం. బంట్లను ఒక్కో అడుగు ముందుకు జరపడం, శకట్లను మూలవాటంగా పెట్టుకోవడం, గుర్రాలను వాటి పక్కన నిలబెట్టడం. ఎదుటివాడు ఏం చేసినా సరే. దానికి ఆవిడ పెట్టిన పేరు ఇల్లు సర్దుకోవడం. "ముందు ఇల్లు సర్దుకో, తరవాత తగువెట్టుకో" అనేది. తగువు పెట్టుకోవడంలో ఆవిడకు ఊళ్ళో ఉన్న పేరును బట్టి చూస్తే ఇల్లు ఎంత బాగా సర్దుకునేదో అర్థమవుతుంది.

ఈ సర్దుబాటే మా పీడీ సార్‌కి నచ్చలేదు. ఆటల మాస్టారు ఆయన. అసలు వాలీబాల్ మనిషి. చెస్ ఆయన నెత్తిన పెట్టారు. పెట్టినందుకు శ్రద్ధగానే చేశారు పాపం. ఎక్కడినుంచో మొదటి పది ఎత్తులున్న కాగితాలు సంపాదించి, జిరాక్స్ తీయించి అందరికీ పంచారు. అవి బట్టీ పట్టాలి. ప్రాక్టీసు ఆటలో నా బోర్డు మొదటిసారి చూసినప్పుడు ఆయన చాలాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏటమ్మా ఇది? బంట్లు నడుస్తన్నాయా, మోకాళ్ళ నొప్పులా?"

"మా ఇంటి ఆట సార్."

"ఇంటాట ఇంటికాడ ఒగ్గేసి రావాల. ఇది కాంపిటీషను. సెంటర్ పట్టుకోవాల, సెంటర్! షీట్లో ఏటున్నాది?"

"రెండు గళ్ళు వెయ్యమని ఉంది సార్."

"నువ్వేటి సేస్తన్నావు?"

"ఒక్కొక్కటి రెండుసార్లు వేస్తాను సార్. లెక్క సరిపోతుంది."

గది నవ్వింది. సార్ నవ్వలేదు. నా జీవితంలో చాలా ఇబ్బందులు సరిగ్గా ఇక్కడే మొదలవుతాయి, గది నవ్వి ఒక్క మనిషి నవ్వనప్పుడు.

"ఇద్గో, అందరి ముందూ సెప్తన్నాను," అన్నారాయన. "ట్రయల్లో ఈ ముసలోళ్ళ ఆట ఆడితే, గెలిసినా నీ పేరు రాయను. తెలిసిందా?"

తెలిసింది. రెండు రోజులు కాగితం పట్టుకుని కూర్చున్నాను కూడా. మొండిదాన్నే గానీ తెలివితక్కువదాన్ని కాదు. కాగితం ప్రకారం ఫస్టియర్ కుర్రాడితో ఒక ఆట ఆడాను. ఎనిమిదో ఎత్తు దాకా మహారాణిలా ఉన్నాను. తొమ్మిదో ఎత్తులో వాడు కాగితంలో లేనిది వేశాడు. అక్కడినుంచి నాకు బోర్డు మీద ఉన్న ముక్కలు ఎవరివో అర్థం కాలేదు. ఎవరో ఇంట్లో వంట చేస్తుంటే ఉప్పు డబ్బా కోసం వెతుకుతున్నట్టు ఉంది. ఓడిపోయాను. వాడు నన్ను ఓదార్చాడు, అది ఇంకా ఘోరం.

ఆ సాయంత్రం మా అత్త ఎత్తుల్ని ఫోన్లో కొట్టి చూశాను. దానికీ ఒక పేరుందట. పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఆడతారట. ఇంగ్లీషులో దాన్ని మోడర్న్ అంటారట. అరసవల్లిలో సుద్దగీతల మీద ఆడితే ముసలోళ్ళ ఆట. అదే ఎక్కడో కోటు వేసుకుని ఆడితే మోడర్న్. ఈ సంగతి సార్‌కి చూపించొచ్చు. చూపించలేదు. మా అత్త ఇల్లు సర్దుకోవడానికి ఇంకొకరి సంతకం ఎందుకనిపించింది.

ట్రయల్ రోజు ప్రత్యర్థి నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. విజయనగరంలో అకాడమీకి ఆరేళ్ళు వెళ్ళిన అబ్బాయి. గాథకు దుర్మార్గుడైతే బాగుండేది. అతను నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు, నా నీళ్ళ సీసా కింద పడితే తీసిచ్చాడు. తన గుర్రాలన్నీ ముఖాలు ముందుకు ఉండేలా సరిచేశాడు. నా గుర్రాల్లో ఒకటి గోడవైపు చూస్తోంది, దాన్ని అలాగే ఉంచాను. దాని ఇష్టం.

తెల్లవి అతనికి వచ్చాయి. నల్లవి నాకు. సార్ డిజిటల్ క్లాక్ బల్ల మీద పెట్టి నావైపు వంగారు.

"నే సెప్పింది గుర్తున్నాది గదమ్మా?"

"ఉంది సార్."

"ఏటి గుర్తున్నాది?"

"అంతా గుర్తుంది సార్."

"మరైతే సరే."

ఏది సరే అన్నది ఇద్దరం తేల్చుకోలేదు. క్లాక్ నొక్కారు.

అతను రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోశాడు. గది నిండా మెకానికల్ కుర్రాళ్ళు, వాళ్ళకు చెస్ మీద కంటే సార్ మొహం మీద ఎక్కువ ఆసక్తి. నేను గుర్రం ముందున్న బంటును ఒక్క అడుగు జరిపాను.

సార్ గొంతులో ఏదో చప్పుడైంది. మా గుడి అర్చకుడి దగ్గుకు దగ్గర చుట్టం.

అతను మంత్రి ముందు బంటును కూడా రెండు గళ్ళు తోశాడు. నేను శకటును మూలవాటంగా పెట్టాను. అతను గుర్రం తీశాడు. నేను ఇంకో బంటు, ఒక్క అడుగు. అతను ఇంకోటేదో వేశాడు, నేను ఇంకో బంటు, ఒక్క అడుగు. ఐదు బంట్లు అలా ఒక్కో అడుగు వేసి నిలబడ్డాయి, రేషను లైనులో ఆడవాళ్ళలాగ, తొందర లేదు, కదలమంటే కదలరు. వెనకాల రెండు శకట్లు, రెండు గుర్రాలు. ఒక్కో ఎత్తుకు నాకు రెండు సెకన్లు పట్టింది, అదీ చెయ్యి అక్కడిదాకా చాపాలి కాబట్టి.

అతనికి మాత్రం టైము పోతోంది. అకాడమీలో నేర్పినవన్నీ ఎదుటివాడు ఏదో ఒకటి చేస్తే దానికి జవాబులు. నేను ఏమీ చెయ్యడం లేదు. ఇల్లు సర్దుకుంటున్నాను. అతను బోర్డు సగం ఆక్రమించుకుని, ఇంత ఖాళీ ఎందుకు వదిలారా అని అనుమానంగా చూస్తున్నాడు. పది ఎత్తులయ్యేసరికి నాకు నాలుగున్నర నిమిషాలున్నాయి, అతనికి మూడు.

తర్వాత తగువు మొదలైంది. అతను శకటును నా శకటు మీదకు తెచ్చాడు, రెండూ పోయాయి. అతని మంత్రి నా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. నేను గుర్రాన్ని వెనక్కి లాగి దాన్ని అదిలించాను, లేచి వెళ్ళిపోయింది. గుర్రాన్ని మళ్ళీ దాని చోట పెట్టాను. "ఒరే, ఏటాడతన్నాదిరా ఇది, ముందుకీ ఎనక్కీ?" అని వెనక ఎవరో అన్నారు. "ఊరుకోరా, అవతలోడికి టైమైపోతన్నాది సూడు" అని ఇంకొకరు. నా క్లాకులో నిమిషం నలభై, అతనికి ముప్పై అయిదు సెకన్లు. నేను బోర్డు మీద గెలవడం లేదు. కానీ ఆ మొదటి ఎత్తుల ఓపెనింగ్ నాకు ఒక నిమిషం సంపాదించి పెట్టింది, సార్ కాగితాల్లో ఏ ఓపెనింగూ అంత ఇవ్వలేదు.

అప్పుడు అతను మధ్యలో బంటును తోశాడు. దాని వెనక ఏనుగును సూటిగా నా రాజు ఎదురుగా పెట్టి ఉంచాడు. ఆ వీధి తెరుచుకుంటే నా రాజు నడివీధిలో ఉన్నట్టే. ప్రమాదం కళ్ళకు కనపడింది, చెయ్యి బుర్రను అడగలేదు. రాజును ఎత్తాను, రెండు గళ్ళు పక్కకు, ఒక గడి ముందుకు, శకటు పోయి ఖాళీ అయిన చోట పెట్టాను. క్లాక్ నొక్కాను. అద్భుతమైన ఎత్తు. అరసవల్లిలో అయితే అత్త నార ముడి వెయ్యడం ఆపి చూసేది.

రాజు గుర్రంలా దూకాడు.

ఎవరూ చూడలేదు. అతను చూడలేదు. చూడటానికి అది కోట కట్టుకున్న రాజులాగే ఉంది. ఒక గడి తేడా, అంతే. అతను తన బంటు మీద వేలు పెట్టబోతూ వేరే ఏదో లెక్కేసుకుంటున్నాడు. సార్ నా మీద కోపంతో కిటికీలోంచి వాలీబాల్ కోర్టు చూస్తున్నారు. మెకానికల్ కుర్రాళ్ళకు రాజు ఎక్కడున్నాడో మొదటినుంచీ తెలీదు. అతని టైము ముప్పై ఒకటి, ముప్పై, ఇరవై తొమ్మిది.

ఇక్కడ నేను నీతిమంతురాలినని రాసుకునే సదవకాశం ఉంది. వదులుకుంటున్నాను. నాకు ఆ క్షణాన తట్టింది నీతి కాదు. ఇప్పుడు నోరు మూసుకుని గెలిస్తే రేపు ఎవడో ఒకడు గుర్తుపడతాడు. అప్పుడు మా ఇంటి ఆట గెలిచిందని ఎవరూ అనరు, మా ఇంటివాళ్ళు దొంగాట ఆడారంటారు. అత్త సర్దిన ఇంటికి ఆ పేరు రావడం నాకిష్టం లేదు. దీన్ని పౌరుషం అనుకోవచ్చు, బుర్ర తిరుగుడు అని కూడా అనుకోవచ్చు. మా అమ్మ రెండో మాటే వాడుతుంది.

"ఆగండి," అన్నాను. "సార్, తప్పెత్తు వేశాను."

సార్ కిటికీలోంచి తిరిగారు. "ఏటి?"

"నా రాజు దూకాడు సార్. గుర్రంలా. మా ఇంట్లో దూకొచ్చు, ఇక్కడ కుదరదు."

గది ఒక్కసారి బోర్డు మీదకు వంగింది. ఆ అబ్బాయి కళ్ళజోడు సరిచేసుకుని నా రాజును, అది బయల్దేరిన గడిని, నన్ను వరసగా చూశాడు.

"నేను చూడలేదు," అన్నాడు నిజాయితీగా.

"ఓలమ్మా, నోరు మూసుకుంటే పోయీది గదే!" అని వెనక నుంచి మా క్లాసువాడు తల కొట్టుకున్నాడు.

సార్ క్లాక్ ఆపారు. "రాజు దూకుతాడేటి? ఎక్కడైనా రాజు దూకుతాడేటమ్మా?"

"చాలా చోట్ల దూకేవాడు సార్. ఈమధ్యే మానేశాడు."

"నవ్వులాటా? అందుకే సెప్పినాను, ఇంటాట వద్దని. సూసినావా ఏటైనాదో?" ఆయన గొంతులో కోపం కంటే సంబరం ఎక్కువుంది. నియమాల కాగితం తీసి చదివారు. ఎదుటివాడికి ఒక నిమిషం కలపాలి. రాజును వెనక్కి పెట్టాలి, ముట్టుకున్నాను కాబట్టి రాజునే కదపాలి. కలిపారు. నేను మొదటినుంచీ సంపాదించిన నిమిషం అక్కడితో సరి. అతనికి నిమిషంన్నర, నాకు నిమిషంన్నర.

"పోనీ ఒప్పీసుకుంటావేటి?" అని అడిగారు సార్, దయగానే.

"లేదు సార్."

"క్యాస్లింగ్ చేసుకోవచ్చు," అని అబ్బాయి మెల్లగా గుర్తు చేశాడు. "రాజు, ఏనుగు రెండూ కదల్లేదు కదా. రూల్ ఒప్పుకుంటుంది."

ఒప్పుకుంటుంది. కోట కట్టుకోవడం నాకు రాక కాదు. ఎన్నో ఆటల్లో కట్టాను. బుద్ధున్నవాళ్ళు ఎవరైనా అక్కడ కట్టేవాళ్ళు. కానీ అప్పటికి సార్ "అలగ సెయ్, అదీ పద్ధతి" అని తల ఊపేశారు. ఆ ఊపుడు చూసి నా చెయ్యి రాజును పట్టుకుని పక్క గడిలో పెట్టింది. ఒక్క గడి. దూకనివ్వకపోతే నడుస్తాడు.

"ఏటిది!" అన్నారు సార్.

అతను బంటుతో బంటును కొట్టాడు. నేను రాజును ఇంకో అడుగు వేశాను, ఇందాక దూకి చేరిన గడికే, ఈసారి కాలినడకన. ఒక ఎత్తు ఎక్కువైంది, ఒక బంటు పోయింది. రూల్ ప్రకారం వచ్చాడు. ఇప్పుడెవరూ ఏమీ అనడానికి లేదు. నా జీవితంలో నేను చేసిన అత్యంత గర్వకారణమైన పని ఇదే కావచ్చు. చెస్ ప్రకారం మాత్రం ఉత్త దండగ ఎత్తు.

దండగకు శిక్ష వెంటనే వచ్చింది. అతని ఏనుగు తెరుచుకున్న వీధిలోంచి దిగి నా గుర్రాన్ని ఎత్తుకుపోయింది. నమ్మిన మంత్రి అతని మంత్రిని పట్టుకుని నేలకొరిగింది, దీన్ని మామూలు భాషలో మార్పిడి అంటారు. ఇక నాకున్నది రాజు, రెండు ఏనుగులు, ఒక గుర్రం, ఒక శకటు, కొన్ని మొండి బంట్లు. అతనికి ఒక గుర్రం, ఒకటి రెండు బంట్లు ఎక్కువ.

అయితే ఆ ఇచ్చిన నిమిషం ఉంది చూడండి. ముప్పై సెకన్లే ఉన్నప్పుడు అతను తోచింది వేసేవాడు, తోచినవి మంచివే. నిమిషంన్నర చేతికి వచ్చేసరికి ఆలోచించడం మొదలుపెట్టాడు. నా రాజును ఎలా చంపితే అందంగా ఉంటుందో వెతికాడు. ఒక్క ఎత్తు దగ్గర ముప్పై అయిదు సెకన్లు కూర్చున్నాడు. దొరికింది, నిజంగానే అందంగా ఉంది. ఇంకో నాలుగైదు ఎత్తుల్లో నా పని అయిపోతుంది. నాకూ కనపడింది, తప్పించుకునే దారి వెతుకుతూ నేనూ అంతసేపే పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత మాత్రం వంతు దగ్గర పెట్టుకోలేదు. వేశాను, నొక్కాను. వేశాను, నొక్కాను. మంచి ఎత్తు కాదు, చెడ్డ ఎత్తు కూడా కాదు, అవతలికి తోసే ఎత్తు. శకటు ఒక గడి ముందుకు, ఒక గడి వెనక్కి. బంటు ఒక్క అడుగు. చెక్ చెప్పడానికి దొరికితే చెక్. అతనికి పన్నెండు సెకన్లున్నాయి, నాకు పదకొండు. అతనికి ఏడు, నాకు తొమ్మిది.  తొందరలో చెయ్యి తగిలి నా గుర్రాన్ని పడేశాడు, పడిన దాన్ని అతనే నిలబెట్టాలి, అది తన టైములోనే. నిలబెట్టాడు, గుర్రం ముఖం ముందుకు ఉండేలా సరిచేశాడు కూడా. ఆరేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

"టైమ్," అన్నాను.

అతని వైపు సున్నాలు. నా వైపు మూడు సెకన్లు. బోర్డు మీద నా రాజు ఇంకొక్క ఎత్తులో చచ్చేవాడు.

మెకానికల్ కుర్రాళ్ళు అరిచారు. ఎవరి తరఫునో వాళ్ళకే తెలీదు. అబ్బాయి కళ్ళజోడు తీసి, చెయ్యి చాపాడు. కలిపాను. అతని చెయ్యి చల్లగా, తడిగా ఉంది, నాది ఇంకా తడిగా ఉంది.

సార్ జాబితా కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తియ్యలేదు.

"బోర్డు మీద ఓడిపోనావమ్మా."

"అవును సార్."

"ఇంకొక్క ఎత్తుంటే మేట్."

"అవును సార్. ఆ ఎత్తుకి టైము లేదు."

"ఓపెనింగ్ గెలవనేదు. టైము గెలిసినాది."

"ఆ టైము ఎక్కడిది సార్? ఓపెనింగ్ దగ్గర మిగిల్చుకున్నదే కదా. ఒక నిమిషం మీరు ఆయనకి కలిపారు కూడా. అయినా సరిపోయింది."

"నే ముందే సెప్పినాను. ఆ ఆట ఆడితే గెలిసినా పేరు రాయనని."

"చెప్పారు సార్."

"మరెందుకాడినావు?"

దీనికి నేను తయారు చేసుకున్న గొప్ప జవాబు ఒకటుంది. తాతలు, మండపం, గంట, వంశం అన్నీ ఉన్న జవాబు. తీరా నోరు తెరిస్తే అది రాలేదు.

"వేరేది రాదు సార్," అన్నాను. "నేర్చుకుందామని చూశాను. ఆ కాగితం ప్రకారం ఆడితే ఫస్టియర్ వాడు ఓడించాడు. ఇది ఆడితే ఈయన ఓడిపోయాడు. మీ ఇష్టం. రాయకపోతే మానెయ్యండి. జట్టులోకి వచ్చినా ఇదే ఆడతాను, అదీ ముందే చెప్తున్నాను."

గది ఈసారి నవ్వలేదు. సార్ కూడా నవ్వలేదు. మొత్తానికి ఒకసారైనా అందరం ఒక మాట మీద ఉన్నాం.

"రాసీండి సార్," అన్నాడు మా క్లాసువాడు వెనకనుంచి. "తప్పు తానే సెప్పుకున్నాది గదా."

"గెలిచింది తనే సార్," అన్నాడు అకాడమీ అబ్బాయి, బోర్డు మీద ముక్కలు డబ్బాలో వేస్తూ. అతను ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. పీడీ సార్ అతని వైపు ఒకసారి, క్లాకు వైపు ఒకసారి చూశారు. క్లాకులో సున్నాలు ఇంకా మెరుస్తున్నాయి. ఆయన వాలీబాల్ మనిషి. స్కోరు బోర్డు ఏం చెబితే అది నమ్మి పాతికేళ్ళు బతికారు. పెన్ను మూత తీశారు.

"దూకుడు మాత్రం మానుకోవాల," అన్నారు రాస్తూ.

"మానుకుంటాను సార్. బంట్లు మాత్రం ఒక్క అడుగే."

సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను. వెనకాల నార తెగుతున్న చప్పుడు వినిపిస్తోంది. జరిగిందంతా చెప్పాను. గెలుపు దగ్గర "ఊ" అంది. దూకుడు దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఎనక్కెట్టించీసినారా? మన రాజునా?"

"అక్కడ రూల్ లేదత్తా."

"సెక్ సెప్పినాడేటి ఆ గుంటడు ముందు?"

"లేదు."

"మరెందుకు దూకకూడదే? ఆ సారుకి ఫోనియ్యి, నే మాటాడతాను."

"వద్దత్తా."

"సర్లే. నడిసే ఎల్లినావు గదా. ఎక్కడికెల్లాలో అక్కడికే ఎల్లినావు గదా. అదీ." ఇంకో నార తెగింది. "తప్పు నువ్వే సెప్పినావా, ఆల్లు పట్టుకున్నారా?"

"నేనే చెప్పాను."

"ఊ," అంది. ఈ "ఊ" ఇందాకటి "ఊ" కంటే పొడుగు. మా ఇంట్లో అంతకంటే పెద్ద బిరుదులు ఇవ్వరు. తర్వాత, "మరి నిమిసం ఎందుకిచ్చినావే తిక్కలదానా, గెలిసీటప్పుడు?" అంది. అది కూడా మా ఇంటి పద్ధతే.

మూడు వారాల తర్వాత యూనివర్సిటీ పోటీలకు వెళ్ళాం. నా సంచీలో సార్ కాగితాలు లేవు. ప్రతి కాలేజీకి నేను ఏం చూపించాలో బస్సులోనే నిర్ణయించుకున్నాను. అక్కడ హాలు గోడకు అంటించిన నియమాలు చదివితే తెలిసింది, ఒక్కో పోటీలో నాలుగు బోర్డులే ఆడతారు. ఐదో పేరు, నలుగురిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాడుకోవడానికి. రెండు రోజులూ నలుగురికీ ఒంట్లో బాగానే ఉంది. ఐదో ఆటగాళ్ళకు టీషర్టు ఇస్తారు, ట్రాక్ ప్యాంటు ఇవ్వరు.